తోపుల మత్తయ్య

తాండూరు,
1958 ఫిబ్రవరి, ఐతారం

మత్తయ్య బావకు హన్మయ్య రాసేది.

ఇక్కడ మేమంత మంచిగున్నం. నువ్వు గూడ మంచిగనే ఉన్నవనుకుంటున్న, సముద్రంల పడితె టెలిగ్రాం వచ్చేది గద. రాహేలు నా ఇంట్లనే ఉంటది, నా జొన్నరొట్టె తింటది, నీ పేరు తలుస్తది. అన్న అన్నోడు ఎందుకున్నడో ఆమెకే తెల్వాలె.

పెండ్లైన నెలకే ఓడెక్కినవ్. మూడేండ్లాయె. నడుమ ఒక్కపారి వచ్చినవ్, మీ అమ్మ సచ్చినప్పుడు, వికారాబాద్‌ల మూడు దినాలు. గా ఏడుపులల్ల నా చెల్లెతోని రెండు మాటలన్న మాట్లాడినవో లేదో.

మా బండల గని కాడి ముచ్చట చెప్త. మొన్న కిష్టయ్య సద్దిమూటల రొట్టె తీసేసి, పలుచని బండను రొట్టె తీరు గుండ్రంగ చెక్కి పెట్టిన. పగటాల మూట ఇప్పి కొరికిండు. పన్ను ఊగుతుందట. రెండు దినాలు నాతోని మాట్లాడలే. మూడో దినం నీ ఉత్తరం వచ్చిందంటె ఉరికొచ్చి ముంగట కూసున్నడు.

ఐతారం ప్రార్థన అయినంక మా ఇంటి ముంగట గని మంది జమైతరు బావా. ఈ వాడల చదువొచ్చినోణ్ణి నేనొక్కణ్ణే, అది గూడ మూడో తరగతి. నీ ఉత్తరం నేనే చదువుత, రాహేలు చెప్పే జవాబు నేనే రాస్త. గిప్పుడు అందరికి ఓడ మీద షౌక్ వట్టింది. ఇనుము నీళ్ళ మీద ఎట్ల తేలుతదని ఒగడు, మన బండకన్న మందమా అని ఇంకొగడు. గని నడిపిచ్చే పాండురంగం పటేలు గూడ మొన్న జరసేపు నిలవడి ఇన్నడు. అందుకని ఓడ గురించి పురాగ రాయి. నీ నడుమునొప్పి, నీ దగ్గు ఎవరికి గావాలె.

నీ బావ
హన్మయ్య


బొంబాయి,
16 మార్చి 1958

హన్మయ్య బావకు మత్తయ్య నమస్కారాలు.

ఓడ పేరు ఉత్తరాల్లో రాయకూడదని మాకు హుకుం. పేరు తప్ప మిగతాది రాస్తాను. నాకు ఇదంతా ఎట్లా తెలుసంటే, ఇక్కడ తోపులు, అదే ఫిరంగులు, పేల్చే ఒక ముసలి గన్నరు కొత్తగా వచ్చినవాళ్ళకు పాఠం చెబుతుంటాడు. నేను పక్కన తుడుస్తుంటాను. చీపురు పట్టుకున్నవాణ్ణి చూసి ఎవరూ గొంతు తగ్గించరు. అంతా విన్నాను.

మాది క్రూజర్. ఇంగ్లీషువాళ్ళకు అప్పట్లో అన్ని సముద్రాల్లోనూ రాజ్యం ఉండేది. పెద్ద యుద్ధనౌకలు బలమైనవే కాని మెల్లగా పోతాయి, అన్నిచోట్లకూ చాలినన్ని ఉండవు. చిన్నవి వేగంగా పోతాయి కాని ఎక్కువ దూరం పోలేవు. ఈ రెంటి మధ్య ఒకటి కావలసి వచ్చింది. ఒంటరిగా వారాల తరబడి తిరగాలి, సరుకు ఓడలకు కాపలా కాయాలి, తనకన్నా చిన్నది దొరికితే తరమాలి, పెద్దది కనబడితే పారిపోవాలి. అందుకు కట్టిందే క్రూజర్. మొదటి యుద్ధం అయ్యాక ఐదు దేశాలవాళ్ళు కూర్చుని, క్రూజర్ పదివేల టన్నులు దాటొద్దు, తోపు నోరు ఎనిమిది అంగుళాలు దాటొద్దు అని రాసుకున్నారట. ఇంగ్లీషువాళ్ళు ఆలోచించి ఏడువేల టన్నులకు, ఆరంగుళాల తోపుకు దిగారు. చిన్నగా కడితే ఎక్కువ కట్టుకోవచ్చు. మా ఓడ అట్లా పుట్టింది. ఇరవై ఆరేళ్ళయింది నీళ్ళలోకి దిగి.

పొడవు ఐదువందల యాభై అడుగుల పైన. వెడల్పు యాభై ఐదు. రెండేసి చొప్పున ఎనిమిది తోపులు పెట్టారు. జపాను విమానం వేసిన బాంబుకు ఒక జత పోయింది, ఇప్పుడు ఆరే. ఒక్కో గుండు రాహేలంత బరువుంటుందేమో. ఈ మాట ఆమెకు చదవకు.

ఇనుము మందం అడిగారు కదా. ఇంజన్ల పక్కన నాలుగంగుళాలు. తోపుల గదికి ఒక అంగుళమే. మేము తిని పడుకునే చోట మీ పలక బండ మందం కూడా లేదు. ఇంజను ఆగితే ఓడ పోతుంది. మనిషి ఆగితే ఇంకో మనిషి వస్తాడు. కట్టినవాడు బాగా ఆలోచించే కట్టాడు బావా.

ఇంకొకటి. బాయిలర్లన్నీ ఒకచోట పెట్టి పొగంతా ఒకే గొట్టంలోకి తీశారు. చూడడానికి అందంగా ఉంటుంది. కాని సరైన చోట ఒక్క గుండు పడితే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. తర్వాత కట్టిన ఓడల్లో బాయిలర్లను రెండు చోట్లకు విడదీసి, నడుమ ఇంజను పెట్టి, రెండు గొట్టాలు నిలబెట్టారు. తప్పు తెలిసింది వాళ్ళకు. మా ఓడ మాత్రం ఆ తప్పుతోనే తిరుగుతోంది.

నా పని నీకు తెలిసిందే. మొదటి ఉత్తరంలోనే రాశాను. ఊడ్చేవాణ్ణి ఇక్కడ టోపాస్ అంటారు. భర్తీ చేసే గుమాస్తా మీ నాయన ఏం చేసేవాడని అడిగాడు. దొర గడీ ఊడ్చేవాడని చెప్పాను. ఇంకేమీ అడగలేదు, రాసుకున్నాడు. మరుగుదొడ్లు, కాలువలు, మెట్లు, అన్నీ నావే. రాహేలు ఏమందో తప్పక రాయి.

మత్తయ్య


తాండూరు,
1958 మే

మత్తయ్య బావా,

ఉత్తరమంటె గిది. పటేలు కట్టెపుల్లతోని నేల మీద ఓడ గీసి, గీడ తోపులు, గీడ ఇంజను అని అందరికి చూపెట్టిండు. నువ్వు రాసింది నేను జర ఉప్పుకారం చల్లి చదివిన. చప్పటి కూడు మంది తినరు గద.

కిష్టయ్యకు ఒక్కటే ఫికర్. పెద్దది కనవడితె పారిపోతదని రాసినవ్ గద, మరి గంత ఇనుము ఎందుకు అంటడు. నీ పెండ్లాం ముంగట నువ్వు గంతే గద, గంత మీసం ఎందుకు అన్న. మల్ల రెండు దినాలు మాట్లాడలే.

ఇగ రాహేలు చెప్తుంది, నేను రాస్తున్న. "ఏ పనైనా పనే. కడిగెటోడు లేకుంటె తోపుల కాడ ఉండెటోళ్ళు గూడ కంపులనే కూసోవాలె. నువ్వు సిగ్గువడకు. నేను సిగ్గువడుత లేను."

గియి రాహేలు మాటలు. నాకు గిన్ని తెలివి మాటలొస్తె పటేలు కుర్సిల నేనే కూసుందు.

హన్మయ్య


బొంబాయి, ఆసుపత్రి,
7 సెప్టెంబరు 1958

హన్మయ్య బావకు,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి. కూడబలుక్కుని చదువు.

పోయిన నెల వానల్లో సముద్రం కొండల్లా లేచింది. కింది అంతస్తు మరుగుదొడ్ల నీళ్ళు సముద్రంలోకి పోయే గొట్టానికి ఒక ఇనుప మూత ఉంటుంది. నీళ్ళు బయటికి పోనిస్తుంది, లోపలికి రానివ్వదు. ఎవరో పాత గుడ్డ పడేస్తే ఆ మూత మూసుకోలేదు. సముద్రం గొట్టంలోంచి ఎదురు తన్నింది. గది మోకాళ్ళ దాకా నిండింది. దాని పక్కనే గుండ్లు పైకి పంపే గది. పెద్ద పెద్దవాళ్ళు పరుగెత్తుతున్నారు కాని ఆ మూత ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు. వారానికి మూడుసార్లు దాన్ని కడిగేవాణ్ణి నేను. కళ్ళు మూసుకుని పోగలను. మురికి నీళ్ళలో మునిగి చెయ్యి లోపలికి పెట్టి గుడ్డ లాగాను. అప్పుడే అల తగ్గి మళ్ళీ తన్నింది. మూత నా చేతి మీద పడింది. రెండో చేత్తో గొట్టాన్ని బిగించే చక్రం తిప్పి మూశాను.

తర్వాత అందరినీ వరుసగా నిలబెట్టి పెద్ద ఆఫీసరు నా పేరు చదివాడట. టోపాస్ మత్తయ్య అని. నేను వినలేదు, ఆసుపత్రిలో ఉన్నాను. తోటివాళ్ళు వచ్చి చెప్పారు.

కుడి మణికట్టు వంగదు. రెండు వేళ్ళు లేవు. పనికి రానని ఇంటికి పంపుతారు. ఫరవాలేదు. బావా, ఈ ఒక్క ఉత్తరం రాహేలుకు రెండుసార్లు చదువు.

మత్తయ్య


తాండూరు,
1958 అక్టోబరు

బావా,

చదివిన. రెండుపార్లు. మంది కండ్లు తుడుసుకున్నరు. కిష్టయ్య ఏడ్చిండు, వాని ఏడుపు చూసి నాకు నవ్వొచ్చింది, ఏం జేయాలె.

ఒక ఖుషీ ముచ్చట. గని మీద పనికిరాని గట్టురాయిని మందు పెట్టి పేల్చే జంగప్ప పని ఇడిసిపెట్టి కొడంగల్ పోయిండు. పటేలు ఏమన్నడంటె, "మత్తయ్య వస్తున్నడు గద, మందు సంగతి అతనికన్న ఎవరికి తెలుసు. గా పని అతనికే ఇస్త." గని కాడ బండలతోని కట్టిన గది గూడ ఇస్తడట, మీ ఇద్దరు ఉండెతందుకు. రాహేలు అప్పుడే అలుకుతుంది.

నేను నవ్విన. నువ్వు జల్ది రా.

హన్మయ్య


వికారాబాద్,
21 ఫిబ్రవరి 1959

హన్మయ్య బావకు,

నేను మా అక్క శాంతవ్వ ఇంట్లో ఉన్నాను. తాండూరు దాటి వచ్చాను. దిగలేదు.

రైలు తాండూరులో ఆగింది. పెట్టె చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. కిష్టయ్య వ్యాగన్లకు బండలెత్తుతున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. వెంట ఇంకో నలుగురు.

"తోపుల మత్తయ్య గద నువ్వు. తోపు పేలి చెయ్యి పోయిందట. ఎన్ని ఓడలు ముంచినవే?"

"నేను ఓడ ఊడ్చేవాణ్ణి" అన్నాను.

"హన్మయ్య బావవు అనిపిచ్చుకున్నవ్. నీయి గూడ పరాచకాలేనా" అని నవ్వాడు. నలుగురూ నవ్వారు. ఒకడు నా పనికిరాని చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. రైలు కదిలింది. నేను మెట్టు మీదే నిలబడి ఉన్నాను.

నాలుగేళ్ళు ఐతారం ఐతారం ఏం చదివావు బావా? పటేలుకు నేను మందు పేల్చేవాణ్ణని ఎవరు చెప్పారు? మందిని నవ్వించుకో, నాకు బాధ లేదు. రాహేలుకు అంతా తెలుసు, ఏ పనైనా పనే అంది, అది చాలు. ఆమెను ఇక్కడికి పంపు.

మత్తయ్య


తాండూరు,
1959 మార్చి

మత్తయ్య బావా,

రాహేలుకు తెల్వదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన దినం చెప్త ఇను. మంది కూసున్నరు. రాహేలు నా పక్కనే ఉంది. మా అమ్మ గడీ ఊడ్సుకుంట ఊడ్సుకుంట గా వాకిట్లనే కూలవడ్డది, నీకు ఎరికే. రాహేలు గూడ పదేండ్ల పిల్లప్పుడు గా చీపురు వట్టింది. పెండ్లినాడు ఆడోళ్ళతోని చెప్పింది, నా మొగడు సర్కారు ఓడల పోతుండు, మా ఇంట్ల ఇగ చీపురు ముచ్చట లేదు అని. నేను సగం చదివిన. చీపురు అన్న కాడికొచ్చిన. "ఏం పనిచ్చిండ్రట అన్నా" అన్నది. నా నోట్లకెళ్ళి "తోపు కాడ" అని వచ్చింది. మంది చప్పట్లు కొట్టిండ్రు. ఒక్క ఐతారం పరాచకం అనుకున్న. రెండో ఐతారం ఇంకింత మందొచ్చిండ్రు.

గొట్టం ఉత్తరం గూడ చదవలే. చదివితె మరుగుదొడ్డి చదవాలె గద. తోపు పేలింది అన్న.

గిప్పుడు పటేలు పెండ్లాం రామమ్మ రాహేలుకు కూసోను పీట ఏస్తది బావా. మనోళ్ళకు గా వాకిట్ల ఎన్నడన్న పీట ఏసిండ్రా. నువ్వు జర ఆలోచించు. వచ్చి గని కాడ ఊకె నిలవడు, మందు నేను పెడ్త. చెయ్యి పోయింది గద, ఎవ్వడు నిన్ను పని చేయమనడు. నువ్వు ఏలు చూపెట్టు, నేను ఉరుకుత. ఎట్ల ఉంటది చెప్పు.

హన్మయ్య


వికారాబాద్,
2 ఏప్రిల్ 1959

హన్మయ్య,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నిన్నటి నుంచి ఒక్కటే అడుగుతున్నాను నన్ను నేను. రాహేలుకు తెలియకపోతే, సిగ్గువడకు అన్నదెవరు?

రేకు పెట్టె తీశాను. ఆమె ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. అమ్మ పోయినప్పుడు రాసింది, దగ్గు వచ్చినప్పుడు రాసింది, కడిగే నీళ్ళు చల్లగా ఉంటాయేమో చేతులకు నూనె రాసుకో అని రాసింది. అన్నీ మళ్ళీ చదివాను. ఇదివరకు ఆడమనిషి గొంతు వినబడేది. ఇప్పుడు ప్రతి మాటకూ నీ మీసం కనబడుతోంది.

ఓడలో గదికీ గదికీ నడుమ ఇనుప తలుపులుంటాయి. ఒక గదిలోకి నీళ్ళొస్తే పక్క గది మునగకుండా మూస్తారు. మంచి ఏర్పాటే. కాని మూసినవాడికి అవతల మనిషి ఉన్నాడో మునిగాడో తెలియాలి. నువ్వు మా ఇద్దరి నడుమ నాలుగేళ్ళు తలుపు మూసి, అటువైపు నుంచి నువ్వే మాట్లాడావు. ఇటువైపు నుంచీ నువ్వే మాట్లాడావు. నేను పెండ్లాడింది నిన్నా?

రాత్రుళ్ళు ఆ పలుచని ఇనుము పక్కన పడుకుని ఆ మాటలే తలుచుకునేవాణ్ణి. నా పనిని సిగ్గు లేకుండా చేయడం వాటివల్లే నేర్చుకున్నాను. గొట్టంలో చెయ్యి పెట్టింది కూడా ఆ ధైర్యంతోనే. చెయ్యి నిజంగానే పోయింది, మాటలే అబద్ధం.

వచ్చే ఐతారం నా ఉత్తరాలన్నీ మొదటినుంచి, ఉన్నది ఉన్నట్టు, పటేలు ముందు, కిష్టయ్య ముందు, రాహేలు ముందు చదువు. తర్వాత ఆమె రమ్మంటే వస్తాను. ఏమన్నా సరే, ఆమె అన్నదే రాయి.

మత్తయ్య


తాండూరు,
1959 ఏప్రిల్, ఐతారం సాయంత్రం

మత్తయ్యకు,

చదివిన. యేసు మీద ఒట్టు, ఒక్క అక్షరం ఇడవలే. మొదటి ఉత్తరం కాడికెళ్ళి సురువు చేసిన. చీపురు అన్న. మరుగుదొడ్డి అన్న. టోపాస్ అన్న.

మంది నవ్విండ్రు బావా.

బండల మీద వడి పొర్లి నవ్విండ్రు. "హన్మయ్య ఇయ్యాల మస్తు కథ కట్టిండు" అన్నరు. నాలుగేండ్ల సంది చదివింది అబద్ధం, గిదే నిజం అని మొత్తుకున్న. ఇంకింత నవ్విండ్రు. కిష్టయ్య అంటడు, "రొట్టెల బండ పెట్టినోని మాట నమ్ముతమా. నేను మత్తయ్యను నా కండ్లతోని చూసిన, చెయ్యి చూసిన." పటేలు మాత్రం కోపానికొచ్చిండు. "పని ఇష్టం లేకుంటె లేదని చెప్పాలె. సర్కారు కొలువు చేసొచ్చిన మనిషిని పట్టుకొని గిదేం పరాచకం" అని లేచిపోయిండు. గొట్టం ఉత్తరం చదివేటప్పుడైతె ఎవ్వరు ఇనలే, గంత లొల్లి.

రాహేలు నవ్వలే. అందరు పోయినంక, "గొట్టం ఉత్తరం మల్ల చదువు" అన్నది. మూడుపార్లు చదివిచ్చింది.

"నేను చెప్పిన మాటలు గూడ మార్చినవా?"

"మార్చిన."

"ఒక్కటన్న ఉన్నదున్నట్టు రాసినవా?"

"లేదు."

రాహేలు అప్పట్ల ఏం చెప్పేదో నీకు గిప్పుడు రాస్త, ఉన్నది రాయమన్నవ్ గద. "తోపు కాడ ఉన్నవంటె నా పానం నిమ్మళం. చీపురు వట్టిన మొగోడైతె నేను కాపురం చేయకపోతుంటి." గిది ఎట్ల రాయాలె బావా నీకు? నువ్వు గాడ మరుగుదొడ్లు కడుగుతుంటివి. ఇటు చెప్తె ఆమె ఉండదు, అటు చెప్తె నువ్వు ఉండవు. నాకు నవ్విచ్చుడు ఒక్కటే వచ్చు. గదే చేసిన.

ఇగ ఆమె ముంగటనే కూసోని రాస్తున్న. చదువు రాకున్న నా చెయ్యి దిక్కే చూస్తుంది. ఆమె అన్నది గిది.

"ఆయన మంచోడే కావచ్చు. నాకు తెల్వదు. నేను నాలుగేండ్లు ఎదురుచూసినోడు ఈయన గాడు. కోపం లేదు. రావద్దని రాయి."

మార్చలే.

హన్మయ్య


వికారాబాద్,
3 మే 1959

రాహేలుకు మత్తయ్య రాసేది.

దీన్ని నీకు చదివేది మీ అన్నే. వేరేవాళ్ళ చేత చదివించుకోమందామనుకున్నాను. మళ్ళీ ఇంకొకడి నోట్లో మన సంసారం ఎందుకని ఊరుకున్నాను. హన్మయ్యా, అలవాటు కొద్దీ నోరు జారితే అక్కడే ఆపి మళ్ళీ మొదటినుంచి చదువు.

రాహేలూ, నేను నాలుగేళ్ళు ఓడ ఊడ్చాను. మరుగుదొడ్లు కడిగాను. తోపు పేలినప్పుడల్లా చెవులు మూసుకుని కింది అంతస్తులో కూర్చున్నాను. ఇక్కడ అక్క ఇంటి పక్కన బడి ఉంది, ఊడ్చడానికి మనిషి కావాలన్నారు. ఎడమ చేత్తో చేస్తానన్నాను. రేపటి నుంచి పోతాను. నీకు తెలియకుండా ఇక నేను ఏ పనీ చేయను, అందుకని చెబుతున్నాను.

చీపురు మీద నీకున్న అసహ్యం తప్పని నేననను. మీ అమ్మ ఎట్లా పోయిందో నాకు తెలుసు. పటేలుకు నేనే కార్డు రాస్తాను, ఆ పని నాకు రాదని. గది ఆయనకు తిరిగి ఇచ్చేయండి. రామమ్మ పీట వేయకపోతే, ఆ పాపం నాది కాదు, నీదీ కాదు.

పెట్టెలో ఉన్న ఉత్తరాలన్నీ నిన్న మీ అన్న పేరుతో కట్ట కట్టాను. అవి ఆయనవే, కిష్టయ్య ఇటు వచ్చినప్పుడు అతని చేతికిచ్చి పంపుతాను. ఒక్కటి మాత్రం తీసి ఉంచుకున్నాను, నువ్వు రావద్దన్నది. నాలుగేళ్ళలో నీ దగ్గర నుంచి నాకు వచ్చిన ఉత్తరం అదొక్కటే.

నేను రాను.

మత్తయ్య